కడుపులో కవలలు, ఒకే మాయ: హైదరాబాద్‌లో మేము చూపించుకున్న ట్విన్ క్లినిక్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త పెద్ద రివ్యూ. కవలలు అని తెలిసిన రోజు నుంచి నేను ఇలాంటిది ఒకటి తెలుగులో దొరుకుతుందేమో అని తెగ వెతికా, దొరికినవన్నీ "కవలలు పుట్టాలంటే ఏం తినాలి" టైపు. అసలు కవలలు కడుపులో పడ్డాక చెకప్‌లు ఎలా ఉండాలి, ఏ స్కాన్ ఎప్పుడు, ఏది అడగాలి అనేది ఎవరూ రాయలేదు. హాస్పిటల్ పేరు పెట్టట్లేదు, ఎందుకంటే మంచీ చెడూ రెండూ రాస్తున్నా, పైగా మీరు వరంగల్‌లో ఉన్నా రాజమండ్రిలో ఉన్నా ఏం అడగాలో తెలిస్తే మీ ఊర్లోనే పని జరగొచ్చు.

మాది ఖమ్మం. మొదటి కాన్పు. మందులూ ఐవీఎఫ్ ఏమీ లేవు, మామూలుగానే వచ్చింది. రెండో నెలలో దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్తే స్కాన్ చేసి ఇద్దరమ్మా అన్నారు, రెండు గుండెలు కొట్టుకోవడం చూపించారు, మా అత్తమ్మ అయితే బయటికి రాగానే జంట అరటిపండు తిన్నావా ఏంటే అని మొదలుపెట్టింది. (అరటిపండుకీ దీనికీ ఏ సంబంధం లేదు. ఒకేలా ఉండే కవలలు వంశంలో ఉన్నా లేకపోయినా వస్తారు, ప్రపంచంలో ఎక్కడైనా వెయ్యి కాన్పుల్లో మూడు నాలుగు దాకా ఉంటాయట. వేరువేరుగా ఉండే కవలలు మాత్రం అమ్మ వైపు నుంచి వచ్చే అవకాశం ఉంటుంది.)

ఆ నర్సింగ్ హోమ్ రిపోర్ట్‌లో ఏం రాశారంటే "ఇద్దరు శిశువులు, గుండె చప్పుడు ఉంది" అంతే. మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ (11 నుంచి 14 వారాల మధ్య చేసేది) రాస్తారేమో అని అడిగితే, అయిదో నెలలో టిఫా (బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్) ఉంటుంది కదా అన్నీ అందులో చూద్దాం అన్నారు, దాంతోపాటు ఫుల్ బెడ్ రెస్ట్, వారం వారం ప్రొజెస్టెరాన్ ఇంజక్షన్, నాలుగో నెలలో గర్భసంచి మూతికి కుట్టు వేసేద్దాం కవలలు కదా అన్నారు. మాట మంచిగానే మాట్లాడతారు, ఫీజూ తక్కువే, కానీ అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, ఇద్దరికీ మాయ (ప్లాసెంటా, అమ్మ నుంచి బిడ్డకి ఆహారం అందించేది) ఒకటేనా, రెండా? అది ఎవరూ చూడలేదు, ఎక్కడా రాయలేదు.

మా ఆడపడుచు హైదరాబాద్‌లో స్టాఫ్ నర్స్. రిపోర్ట్ వాట్సాప్‌లో పంపితే పది నిమిషాల్లో ఫోన్ చేసి "వదినా, ఇందులో మాయ ఒకటా రెండా రాయలేదు, పద్నాలుగో వారం రాకముందే ఒకసారి ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డల ఆరోగ్యం చూసే స్పెషలిస్టులు) వాళ్ళ దగ్గర చూపించుకో, తర్వాత అయితే సరిగ్గా కనపడదు" అంది. మొదట నాకు అర్థం కాలేదు, అంత తొందర ఏముంది అనిపించింది, కానీ తను ఊరికే కంగారుపడే మనిషి కాదు, అందుకే బయల్దేరాం.

ఇక్కడి నుంచి అసలు రివ్యూ.

క్లినిక్ ఒక పెద్ద మెటర్నిటీ హాస్పిటల్‌లో ఒక భాగం, వారంలో ఫిక్స్‌డ్ రోజుల్లో కవలల వాళ్ళకి మాత్రమే చూస్తారు. మొదటి స్కాన్‌కి దాదాపు ముప్పావు గంట పట్టింది. స్కాన్ చేసిన డాక్టర్ మేడమ్ స్క్రీన్ నా వైపు తిప్పి, ఇద్దరి మధ్యలో వెంట్రుకంత సన్నగా ఉన్న ఒక తెల్ల గీత మీద కర్సర్ పెట్టి "చూడమ్మా, ఇది ఇద్దరికీ మధ్య పొర. ఇది మాయకి తగిలే చోటు చూడు, నేరుగా వచ్చి నిలువుగా ఆనేసింది, ఇంగ్లీష్ టీ అక్షరం లాగా. మాయలు రెండు ఉండి అంటుకుని ఉంటే ఇక్కడ మాయ ముక్క ఒకటి పొరలోకి పైకెక్కి త్రికోణంలా కనపడాలి, దాన్ని లాంబ్డా అంటాం. నీకు అది లేదు. మాయ ఒకటే, ఉమ్మనీటి సంచులు రెండు" అని చెప్పింది. ఫొటో తీసి రిపోర్ట్‌లో పెట్టింది కూడా, మొదటి లైన్‌లోనే "ఎంసీడీఏ" అని. ఈ గుర్తు 11 నుంచి 14 వారాల మధ్య బాగా కనపడుతుంది, రోజులు గడిచేకొద్దీ ఆ త్రికోణం కరిగిపోయి రెండు మాయలు ఉన్నవాళ్ళకి కూడా ఒకటే అన్నట్టు కనపడే ఛాన్స్ ఉంది. అయిదో నెల టిఫాలో చూద్దాం అంటే ఎందుకు కుదరదో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వేరే దేశాల్లో అయితే ఒకరు బాబు ఒకరు పాప అని తేలితే చాలు, మాయలు రెండు అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. మన దగ్గర 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం ఆడా మగా చెప్పకూడదు, చెప్పకూడదనే చట్టం ఉండటం మంచిదే, కాబట్టి ఆ దారిలో మనకి మనం తెలుసుకునే అవకాశం లేదు. మన ఆడవాళ్ళకి ఈ మూడో నెల స్కాన్ ఒక్కటే సరైన దారి, అందుకే దీన్ని వదిలేసే డాక్టర్ దగ్గర కవలల కాన్పు చూపించుకోవద్దు అని నేను గట్టిగా చెప్తా.

మాయ ఒకటైతే ఏమవుతుంది అని అడిగా. మేడమ్ తెల్ల కాగితం తీసుకుని ఒక గుండ్రం, దాని మీద రెండు బొడ్డు తాళ్ళు, వాటి మధ్య గీతలు గీసింది. ఒకే మాయ అయినప్పుడు దాని మీద ఇద్దరి రక్తనాళాలు ఎక్కడో ఒకచోట కలుస్తాయి, చాలామందిలో ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా ఉంటుంది కాబట్టి ఏ గొడవా ఉండదు, కానీ నూటికి 10 నుంచి 15 మందిలో ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకి రక్తం ఎక్కువగా పోతుంది, ఇచ్చే బిడ్డకి ఉమ్మనీరు తగ్గిపోతుంది, తీసుకునే బిడ్డకి ఉమ్మనీరు పెరిగి గుండె మీద భారం పడుతుంది, దాన్ని టీటీటీఎస్ అంటారు. కనిపెట్టకుండా వదిలేస్తే ఇద్దరికీ ప్రమాదం, టైమ్‌కి పట్టుకుంటే చేయగలిగింది ఉంది. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకి ఒకసారి స్కాన్ తప్పనిసరి. రెండు మాయలు ఉన్నవాళ్ళకి ఈ సమస్య రాదు, వాళ్ళకి నాలుగు వారాలకి ఒకసారి చాలు.

చూశారా, ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే మొత్తం తొమ్మిది నెలల క్యాలెండరే మారిపోతుంది. ఇంగ్లండ్‌లో నైస్ అని ఒక సంస్థ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా ఇంతే, ఒకే మాయ వాళ్ళకి కనీసం 11 చెకప్‌లు, రెండు మాయల వాళ్ళకి కనీసం 8. మా మేడమ్ ఆ చార్ట్ ప్రింట్ తీసి ఫైల్‌కి పిన్ కొట్టి ఇచ్చింది, నాకు కాన్పు అయ్యే దాకా అదే పంచాంగం.

స్కాన్‌ల క్వాలిటీ గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రతిసారీ ఇద్దరికీ విడివిడిగా ఉమ్మనీరు ఎంత లోతు ఉందో కొలుస్తారు, ఇద్దరి మూత్రాశయం కనపడుతోందా లేదా చూస్తారు (ఇచ్చే బిడ్డకి నీరు తగ్గాక మూత్రాశయం ఖాళీగా ఉండిపోతుందట, అదొక గుర్తు), బొడ్డు తాడులో రక్తం ఎలా పారుతోందో డాప్లర్ పెడతారు, 20 వారాల నుంచి మెదడులో రక్తనాళం డాప్లర్ కూడా, అది ఒకరికి రక్తం పల్చబడి ఇంకొకరికి చిక్కబడే టాప్స్ అనే ఇంకో సమస్య కోసం. బరువులు ఇద్దరికీ వేసి తేడా ఎంత శాతమో రాస్తారు, 20 దాటితే ఎక్కువసార్లు పిలుస్తారు, 25 దాటితే సీరియస్‌గా తీసుకుంటారు.

నాకు అన్నింటికన్నా నచ్చింది చిన్న విషయం. రిపోర్ట్‌లో బిడ్డల్ని ఉత్తిగా ట్విన్ 1 ట్విన్ 2 అని వదిలేయకుండా "ట్విన్ 1, ఎడమ కింద, బొడ్డు తాడు మాయ అంచున" "ట్విన్ 2, కుడి పైన, తాడు మాయ మధ్యలో" అని గుర్తులు రాస్తారు. వేరే డాక్టర్ ఎవరు స్కాన్ చేసినా ఎవరు ఎవరో తారుమారు కాదు. లేకపోతే పోయినసారి చిన్నగా ఉన్న బిడ్డ ఈసారి పెద్దగా అయిపోయినట్టు తప్పుడు లెక్క వస్తుంది కదా. మీ రిపోర్ట్‌లో ఇలా లేకపోతే అడిగి రాయించుకోండి.

అయిదో నెలలో మాకు ఒక భయం పట్టుకుంది. ఆ స్కాన్‌లో ఒక సంచిలో ఉమ్మనీరు 3 సెంటీమీటర్లు, ఇంకో సంచిలో 7 దాకా వచ్చింది. మేడమ్ మొహంలో నవ్వు తగ్గింది, నాకు చేతులు చల్లబడ్డాయి. కానీ ఆవిడ దాచలేదు, మభ్యపెట్టలేదు. ఒకరికి 2 కన్నా తక్కువ, ఇంకొకరికి 8 కన్నా ఎక్కువ అయితే టీటీటీఎస్ అని తేలుస్తాం, మీరు ఇంకా ఆ గీత దాటలేదు, కానీ ఇక వారం వారం రావాలి అని చెప్పింది. ఒకవేళ దాటితే ఏంటి అని మా ఆయన అడిగారు. లేజర్ చేస్తాం, పొట్ట మీద చిన్న గాటు పెట్టి సన్న కెమెరా గొట్టం లోపలికి పంపి మాయ మీద ఇద్దరికీ కలిసిన రక్తనాళాలని వెతికి ఒక్కొక్కటీ మూసేస్తారు, మామూలుగా 16 నుంచి 26 వారాల మధ్య చేస్తారు, ఇంతకుముందు నీరు తీసేయడమే చేసేవాళ్ళు, 2004లో యూరప్‌లో చేసిన స్టడీ వచ్చాక లేజర్ మేలని తేలింది, అయినా ఇద్దరూ దక్కుతారని గ్యారంటీ ఇవ్వలేను, చేయకుండా వదిలేయడం కన్నా మాత్రం చాలా మెరుగు అని సూటిగా చెప్పింది. మా అమ్మ పక్కనే ఏడుస్తుంటే ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని "అమ్మా, మనం చూస్తూనే ఉన్నాం కదా, చూస్తూ ఉండటమే ఇప్పుడు మందు" అంది.

ఇంటికి వెళ్ళాక ఏం గమనించాలో కూడా చెప్పారు. పొట్ట రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి బాగా పెరిగి బిగుసుకుపోయినట్టు ఉన్నా, పడుకుంటే ఆయాసం వచ్చినా స్కాన్ డేట్ వచ్చేదాకా ఆగొద్దు అన్నారు. డ్యూటీ రూమ్ నంబర్ ఇచ్చారు, ఒకసారి రాత్రి పదకొండింటికి చేశా, ఎత్తారు, పేరు చెప్పగానే సిస్టర్ ఫైల్ తీసి మాట్లాడింది. తర్వాతి వారాల్లో నీళ్ళు మెల్లగా సమానం అయ్యాయి. దేవుడి దయ, ఆవిడ కంటి చూపు.

ఇక బెడ్ రెస్ట్ సంగతి. మన దగ్గర కవలలు అనగానే ఇంట్లో అందరూ మంచం దిగనివ్వరు. ఇక్కడ మొదటి రోజే అది కట్ చేశారు. కవలలు అన్న ఒక్క కారణంతో బెడ్ రెస్ట్ పెడితే నెలలు నిండకుండా కాన్పు అవడం ఆగదు, పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే రిస్క్ పెరుగుతుంది అన్నారు. కుట్టు కూడా కవలలు అని చెప్పి అందరికీ వేయకూడదట, వారం వారం ఇంజక్షన్ కూడా అంతే. అయిదో నెలలో టీవీఎస్ స్కాన్ (యోని ద్వారా చేసేది) పెట్టి గర్భసంచి మూతి పొడవు కొలిచారు, 25 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు, నాకు బాగానే ఉంది. నేను ఏడో నెల దాకా ఇంటి పని చేసుకున్నా, ఆఫీస్ పని ఇంటి నుంచి చేశా. మా అత్తమ్మకి ఇది నచ్చలేదు, ఒకసారి ఆవిడనీ లోపలికి పిలిపించి మేడమ్‌తోనే చెప్పించా, ఆ తర్వాత ఒక్క మాట అంటే ఒట్టు.

ఆస్పిరిన్ విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని మధ్యలో ఆపేస్తున్నారు. కవలలు ఉన్నవాళ్ళకి బీపీ పెరిగి కాన్పు కష్టమయ్యే అవకాశం ఎక్కువ, నాకు మొదటి కాన్పు కూడా కాబట్టి 12 వారాల నుంచి రాత్రి పూట చిన్న డోస్ ఆస్పిరిన్ రాశారు. మందుల షాపు అతను "మేడమ్ ఇది రక్తం పల్చన చేసేది, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇస్తారా" అని అందరి ముందు అడిగాడు, మా అమ్మ వెంటనే వేసుకోవద్దే అంది. ఇలాంటివి ముందే చెప్పి పంపితే బాగుండేది, క్లినిక్ వాళ్ళు ఒక్క ముక్క కాగితం మీద "ఇది ఎందుకు ఇస్తున్నాం" అని తెలుగులో రాసి ఇస్తే ఎంతమంది మధ్యలో మానేయకుండా ఉంటారో. ఇది నా మొదటి కంప్లైంట్.

రెండో కంప్లైంట్ వెయిటింగ్. అపాయింట్‌మెంట్ టైమ్ అన్నది పేరుకే. పదింటికి అని చెప్పి పన్నెండున్నరకి లోపలికి పంపిన రోజులున్నాయి. అందరం ఇద్దరిని మోస్తున్నవాళ్ళమే, కుర్చీలు చాలవు, ఏడో నెల పొట్టతో గోడకి ఆనుకుని నిలబడ్డ అమ్మాయిలని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. షుగర్ టెస్ట్‌కి గ్లూకోజ్ నీళ్ళు తాగి రెండు గంటలు కూర్చోవాల్సిన వాళ్ళకి కూడా విడిగా చోటు లేదు. ఖమ్మం నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చేవాళ్ళకి ఇది మామూలు బాధ కాదు. స్కాన్ ఒక్కోటి ఎక్కువసేపు పడుతుంది, అర్థం చేసుకోగలం, కానీ అంతసేపు పడుతుందని తెలిసినప్పుడు అంతమందికి ఒకే టైమ్ ఇవ్వడం ఎందుకు?

డైటీషియన్ దండగ. నిజంగా చెప్తున్నా. ఒక్క బిడ్డ ఉన్నవాళ్ళకి ఇచ్చే షీటే నాకూ ఇచ్చింది, అందులో పొద్దున్నే ఓట్స్, సాయంత్రం సలాడ్. మాకు ఇంట్లో తినేది అన్నం పప్పు గుడ్డు పెరుగు, అందులో ఏది ఎంత పెంచాలో చెప్తే కదా ఉపయోగం. నాకు ఆరో నెలకి హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది, కవలల్లో రక్తం తగ్గడం ఎక్కువే, ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పేది. మేడమ్ అది విని ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు, తర్వాత ఎక్కింది. మాత్ర టీతో కలిపి వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకో, కాల్షియం మాత్రకీ దీనికీ మధ్య రెండు గంటలైనా గ్యాప్ ఉండాలి అని చెప్పింది కూడా వార్డు సిస్టరే, డైటీషియన్ కాదు.

డబ్బుల గురించి అందరూ అడుగుతారు కాబట్టి. "ట్విన్ ప్యాకేజ్" అని ఒకటి ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి అనను గానీ, బాగా చదవండి. అందులో డాక్టర్ ఫీజులు, మామూలు రక్త పరీక్షలు, కాన్పు ఖర్చు ఉన్నాయి. స్కాన్‌లు లేవు. ఒకే మాయ వాళ్ళకి అసలు ఖర్చంతా స్కాన్‌లదే, ఒక్కోటి రెండు వేల పైమాటే, అదీ రెండు వారాలకోసారి. కాన్పు తర్వాత పిల్లల ఎన్‌ఐసీయూ (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ) కూడా ప్యాకేజ్‌లో లేదు, అది బిడ్డకి విడిగా, రోజుకి విడిగా. కవలల్లో నూటికి 60 మంది దాకా 37 వారాల లోపే పుడతారు, అంటే ఎన్‌ఐసీయూ అవసరం పడటం ఎక్కడో ఒకరికి జరిగేది కాదు, చాలామందికి జరిగేది, దాన్ని ప్యాకేజ్ పేపర్ అడుగున చిన్న అక్షరాల్లో రాయడం నాకు అస్సలు నచ్చలేదు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు మెటర్నిటీ లిమిట్ ఎంతో, పుట్టిన రోజు నుంచే పిల్లలకి కవర్ అవుతుందో లేదో అయిదో నెల లోపే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి, ఒక బిడ్డకా ఇద్దరికా అని కూడా అడగండి.

అంత పెట్టుకోలేని వాళ్ళు కంగారు పడొద్దు. మా చిన్నమ్మ కూతురికి నా తర్వాత కొన్నాళ్ళకే కవలలు వచ్చారు, తనకి రెండు మాయలు. తను మొత్తం గవర్నమెంట్ హాస్పిటల్‌లోనే చూపించుకుంది. ప్రతి నెలా 9వ తారీఖున కేంద్ర ప్రభుత్వం స్కీమ్ కింద గర్భిణులకి స్పెషలిస్ట్ చెకప్ ఫ్రీగా ఉంటుంది, ఆశా అక్కే గుర్తు చేసి తీసుకెళ్ళేది, టిఫా స్కాన్ కూడా ఇప్పుడు పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఫ్రీగానే చేస్తున్నారు, చెకప్‌కి 102 బండి ఇంటికే వచ్చింది. నేను తనకి చేసింది ఒక్కటే, మూడో నెలలో "మాయ ఒకటా రెండా రాయించుకో" అని వెంటపడ్డా. అక్కడి డాక్టరమ్మ చక్కగా చూసి లాంబ్డా ఉంది, డీసీడీఏ (మాయలు రెండు, సంచులు రెండు) అని రాసి ఇచ్చింది, నెలకోసారి స్కాన్ చేసింది, 37 వారాలు నిండాక కాన్పు అయింది. రెండు మాయల వాళ్ళు మా క్లినిక్ దాకా ఇంత దూరం రెండు వారాలకోసారి రావాల్సిన పనే లేదు, నేనైతే రమ్మనను. ఒకే మాయ వాళ్ళు మాత్రం ఎంత దూరమైనా ఫీటల్ మెడిసిన్ స్పెషలిస్ట్ ఉన్న చోటికే వెళ్ళండి, ఆ ఖర్చు ఇంకెక్కడైనా తగ్గించుకోండి. చాలా అరుదుగా మాయా ఒకటే సంచీ ఒకటే ఉంటుంది, మధ్యలో పొరే ఉండదు, బొడ్డు తాళ్ళు చిక్కుపడతాయి, వాళ్ళకి ఆఖరి నెలల్లో అడ్మిట్ చేసుకుని 32 నుంచి 34 వారాల మధ్యే ఆపరేషన్ చేసేస్తారు. వెయిటింగ్ హాల్లో అలాంటి అమ్మాయి ఒకరు పరిచయమైంది, కరీంనగర్ నుంచి, ఇద్దరు పాపలు క్షేమం.

కాన్పు. ఒకే మాయ కాబట్టి 36 వారాలకి అని ఎప్పుడో చెప్పేశారు, దాని కన్నా ఎక్కువ ఆగితే కడుపులోనే ప్రమాదం పెరుగుతుందట. మా అత్తమ్మ ముహూర్తం చూపిస్తానంది, వారం లోపల ఏ రోజైనా సరే, వారం దాటడానికి మాత్రం ఒప్పుకోను అని మేడమ్ అంది, అంత స్పష్టంగా చెప్పడం నాకు చాలా నచ్చింది. మొదటి బిడ్డ తల కిందికి ఉంటే నార్మల్ ట్రై చేద్దాం, కవలలైతే ఆపరేషనే చేయాలని రూల్ లేదు అని కూడా ముందు నుంచీ అనేవారు. మాకు మొదటి బిడ్డ ఎదురుకాళ్ళు, అందుకని ఆపరేషన్‌కే వెళ్ళాం. ఆపరేషన్‌కి ముందు పిల్లల ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. కవలల్లో కాన్పు తర్వాత రక్తస్రావం ఎక్కువ అవ్వొచ్చని రెండు బాటిళ్ళ రక్తం రెడీగా పెట్టారు, నాకు వాడాల్సిన అవసరం రాలేదు.

థియేటర్‌లో ఇద్దరు పిల్లల డాక్టర్లు, రెండు వార్మర్లు, చేతులకి కట్టడానికి రెండు రంగుల బ్యాండ్లు. ఇద్దరూ బాబులే. ఒకడు రెండు కిలోల పైన, ఇంకోడు రెండు కిలోలకి కాస్త తక్కువ. పెద్దాడిని వెంటనే నా దగ్గర పెట్టారు, చిన్నాడిని ఎన్‌ఐసీయూకి తీసుకెళ్ళారు, ఊపిరి కొంచెం వేగంగా ఉందని. బయటికి వచ్చాక డాక్టర్ ట్రేలో మాయని మా ఆయనకి చూపించి, ఇదిగో ఒకటే, ఇవి రెండు తాళ్ళు, ఇది పొర, మూడో నెలలో చెప్పిందే అని వేలితో పైకెత్తి చూపించిందట. ఉల్లిపొరలా ఉంది, అటువైపు వెలుతురు కనపడుతోంది అని మా ఆయన ఇప్పటికీ చెప్తారు.

ఎన్‌ఐసీయూకి అయిదు స్టార్లు, అందులో మాట లేదు. నన్ను వీల్‌చైర్‌లో రెండో రోజే తీసుకెళ్ళి చిన్నాడిని నా ఛాతీ మీద పడుకోబెట్టారు, పాలు పిండి సిరంజీతో ఎలా పట్టాలో నేర్పారు. పోస్ట్‌నేటల్ వార్డ్ మాత్రం వేరే ప్రపంచం. ఇద్దరికి పాలెక్కడ సరిపోతాయమ్మా అని ఒక ఆయా డబ్బా పాలు కలపడానికి రెడీ అయిపోయింది, నేను అరిస్తే కానీ ఆగలేదు. పాలిచ్చేదానికి సలహా చెప్పే కన్సల్టెంట్ ఉందని ప్యాకేజ్‌లో రాశారు, ఆవిడ వారానికి రెండు రోజులే వస్తుందట. ఆవిడ వచ్చిన రోజు అరగంట కూర్చుని రెండు చంకల కింద ఇద్దరినీ పెట్టుకుని ఒకేసారి పట్టడం నేర్పింది, దాంతో నా బతుకు మారిపోయింది, అదేదో మొదటి రోజే జరిగి ఉంటే ఎంత ఏడుపు తప్పేదో.

స్టార్లు అడిగితే: స్కాన్‌లకి 5, డాక్టర్‌కి 5, ఎన్‌ఐసీయూకి 5, వెయిటింగ్‌కి 1, డైట్‌కి 1, బిల్లింగ్ కౌంటర్‌కి 2, పోస్ట్‌నేటల్ వార్డ్‌కి 2. మళ్ళీ ఒకే మాయ కవలలే వస్తే మళ్ళీ అక్కడికే వెళ్తా.

వెళ్ళేవాళ్ళు ఇవి గుర్తుపెట్టుకోండి. పాత స్కాన్ రిపోర్ట్‌లతో పాటు ఫిల్మ్‌లు కూడా తీసుకెళ్ళండి, మాయ దగ్గర ఫొటో ఉంటే వాళ్ళే చూసి చెప్పగలరు. ఆధార్ ప్రతిసారీ అడుగుతారు, స్కాన్‌కి ముందు ఫామ్ ఎఫ్ (ఆడా మగా తెలుసుకోం అని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టాలి. ట్విన్ క్లినిక్ ఏ రోజుల్లో ఉందో ముందే ఫోన్ చేయండి, మామూలు ఓపీ రోజు వెళ్తే ఇంకో డాక్టర్ చూస్తారు. పొద్దున మొదటి స్లాట్ అడిగి తీసుకోండి, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా వెంట పెట్టుకోండి, క్యాంటీన్ కింది ఫ్లోర్‌లో ఉంది, లిఫ్ట్ ఎప్పుడూ ఫుల్లే.